పేపరు చందాల పోటీలో దిగుతున్నారా? బెజవాడ ఆడవాళ్ల కోసం మొదటి రోజు నుంచి బహుమతి దాకా

ఏదో ఒక రోజు పొద్దున్నే పేపరు జిల్లా పేజీలో పావు పేజీ ప్రకటన కనిపిస్తుంది. మహిళలకు మాత్రమే. ఆ పేపరుకి ఎక్కువ చందాలు కట్టించిన వాళ్లకి స్కూటీ, తర్వాతి వాళ్లకి వాషింగ్ మెషీన్, ఆ తర్వాత పట్టుచీరలు, పాల్గొన్న ప్రతి ఒక్కరికీ ఒక స్టీలు డబ్బా. ఫొటోలో స్కూటీ పక్కన ఒకావిడ నవ్వుతూ ఉంటుంది. చూడగానే "మనకి తెలిసినవాళ్లు తక్కువేంటి, వంద చందాలు ఇట్టే కట్టించెయ్యొచ్చు" అనిపిస్తుంది. పత్రిక వాళ్లు ఆశించేది కూడా సరిగ్గా అదే.

ఇది మోసమని చెప్పడం లేదు. ఇది అమ్మకం పని, ఆటలా కనిపించే అమ్మకం పని. నెలో రెండు నెలలో ఊరంతా తిరిగి పత్రిక అమ్మిపెట్టే మనుషులు కంపెనీకి దొరుకుతారు. అందులో నెగ్గేది ఎక్కువమంది బంధువులున్న ఆవిడ కాదు. పేపరు నిజంగా చదివే ఇళ్లని, షాపుల్ని వెతికి పట్టుకున్న ఆవిడ. బంధువులు ఎంతమంది ఉన్నా రెండు వారాల్లో అయిపోతారు. పోటీ తేలేది ఆ తర్వాత వారాల్లోనే.

ఈ పద్ధతి మనవాళ్లు కనిపెట్టింది కూడా కాదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికాలో చిన్న ఊళ్ల పత్రికలు ఇలాగే ఆడవాళ్లకి పోటీలు పెట్టి కార్లు, పియానోలు ఇచ్చేవి. ఒక్కో చందాకి ఇన్ని ఓట్లు అని లెక్క. తొందరగా తెస్తే ఎక్కువ ఓట్లు, ఆలస్యం చేస్తే తక్కువ. చివరి రోజుల్లో ఎవరెక్కడున్నారో తెలియకుండా ఓట్ల పెట్టెకి సీలు వేసేవాళ్లు. ఎవరికి వాళ్లు "ఇంకో నాలుగు తెస్తే చాలేమో" అనుకుంటూ పరుగెత్తేవాళ్లు. మన ప్రకటనల్లో ఓట్ల బదులు పాయింట్లు ఉంటాయి, అంతే తేడా.

ఇక బెజవాడ సంగతి. విశాలాంధ్ర 1952లో, ఆంధ్రజ్యోతి 1960లో ఈ ఊళ్లోనే పుట్టాయి. ఈనాడు 1978లో ఇక్కడి ఎడిషన్ మొదలుపెట్టింది. అంటే మీరు తలుపు కొట్టే ఇంట్లో చాలాసార్లు ఏళ్ల తరబడి ఒకే పేపరు వేయించుకుంటూ ఉంటారు, దానిమీద వాళ్లకో అభిప్రాయం కూడా ఉంటుంది. ఖాళీ నేల మీద విత్తనం చల్లుతున్నామనుకుని బయల్దేరితే మొదటి రోజే నీరసం వస్తుంది.

1. ఫారం నింపే ముందు నిబంధనలు చదవండి

ప్రకటన కింద చీమల్లాంటి అక్షరాల్లో ఉండేదే అసలు ప్రకటన. అక్కడ లేకపోతే ఆఫీసుకి వెళ్లి కాగితం మీద అడగండి. ఫోన్లో చెప్పింది లెక్కలోకి రాదు.

మొట్టమొదట తేల్చుకోవలసింది, బహుమతి లెక్క ప్రకారం ఇస్తారా, డ్రా తీసి ఇస్తారా అన్నది. "అత్యధిక చందాలు కట్టించిన వారికి" అంటే లెక్క. "పది చందాలు కట్టించిన ప్రతి ఒక్కరూ లక్కీ డ్రాకు అర్హులు" అంటే అదృష్టం. రెండో రకంలో మీరు నూట యాభై కట్టించినా, పది కట్టించిన ఆవిడకి స్కూటీ తగలొచ్చు. డ్రా అయితే కనీస అర్హతకి సరిపడా కట్టించి ఆగిపోవడమే తెలివి. చీటీ చందాకొకటా, మనిషికొకటా అన్నది మాత్రం ముందు కనుక్కోండి.

తర్వాత, ఏది కొత్త చందా? ఇప్పటికే ఏజెంటు దగ్గర నెలనెలా డబ్బులిచ్చి అదే పేపరు వేయించుకుంటున్న ఇల్లు ఏడాది చందాకి మారితే అది కొత్తదా, పాతదా? ఎక్కువ గొడవలు వచ్చేది ఇక్కడే. చాలామంది ముందు ఇలాంటి ఇళ్లకే వెళ్తారు, ఎందుకంటే వాళ్లు వెంటనే ఒప్పుకుంటారు. చివరికి ఆఫీసులో "ఇవి పాత కాపీలండీ" అని కొట్టేస్తే ఆ తిరుగుడంతా గంగపాలు.

ఆరు నెలల చందాకి ఎన్ని పాయింట్లు, ఏడాదికి ఎన్ని అన్నది కూడా చూడండి. ఏడాదికి రెట్టింపు కంటే ఎక్కువ ఇస్తుంటే ఆరు నెలల మాట అసలు ఎత్తకండి. చందా ఎప్పుడు లెక్కలోకి వస్తుందో అడగండి: రసీదు రాసినప్పుడా, డబ్బు జమైనప్పుడా, ఇంటికి మొదటి పేపరు పడినప్పుడా? సమానంగా వస్తే ఏం చేస్తారు? పత్రిక సిబ్బంది ఇళ్లవాళ్లు, ఏజెంట్ల ఇళ్లవాళ్లు పోటీలో ఉండొచ్చా? ఈ చివరి ప్రశ్న అడగడానికి మొహమాటపడకండి. ఏజెంటు గారి భార్య పోటీలో ఉంటే మీరు దిగకముందే ఆవిడ చేతిలో కొన్ని వందల ఇళ్లున్నాయి.

పత్రిక పేరు కొత్తగా వినిపిస్తుంటే ఒక కాపీ తెప్పించి అడుగున చూడండి. ఎడిటర్, ప్రింటర్, పబ్లిషర్ పేర్లు, అచ్చయిన చోటు ప్రతి కాపీలో వేయాల్సిందే. పత్రికల రిజిస్ట్రేషన్ 2024 మార్చి నుంచి 2023 నాటి కొత్త చట్టం కింద జరుగుతోంది. ప్రెస్ రిజిస్ట్రార్ జనరల్ వెబ్‌సైటులో పత్రిక పేరు వెతికితే ఉందో లేదో తెలుస్తుంది. పోటీలో చేరడానికి మీరే డబ్బు కట్టాలంటే అక్కడితో ఆపేయండి. "మీరు ముగ్గుర్ని చేర్చండి, వాళ్లు ఇంకో ముగ్గుర్ని చేరుస్తారు, ప్రతి మెట్టు మీదా మీకు డబ్బులు" అన్నారంటే అది చందాల పోటీ కాదు, గొలుసుకట్టు స్కీము. దాన్ని 1978లోనే చట్టం చేసి నిషేధించారు.

2. లెక్క వేసుకోండి, కాగితం మీద

ఇది ఊహ లెక్కే, మీ ప్రకటనలో ఉన్న అంకెలు పెట్టి మళ్లీ వేసుకోండి. ఏడాది చందా 2,400 రూపాయలు అనుకుందాం. స్కూటీ విలువ 90,000. నెగ్గడానికి 150 చందాలు కావాలి. ఒక్కో చందాకి వెళ్లడం, మాట్లాడటం, మళ్లీ వెళ్లడం, రసీదు, డబ్బు కట్టడం కలిపి గంటన్నర పడుతుందనుకుంటే మొత్తం 225 గంటలు. మొదటి స్థానం వస్తే గంటకి 400 రూపాయలు గిట్టినట్టు. బానే ఉంది.

అదే 140 దగ్గర ఆగి రెండో స్థానం వచ్చి, ఇరవై వేల వాషింగ్ మెషీన్ చేతికొచ్చిందనుకోండి. 210 గంటలకి గంటకి వంద కూడా పడలేదు. ఇంకా కిందకి జారితే పట్టుచీరో, స్టీలు డబ్బానో. ఆటో ఛార్జీలు, పెట్రోలు, ఎండకి తాగిన మజ్జిగ ఇంకా లెక్కలో వేయలేదు.

అందుకే నేను మొదట చూసేది స్కూటీని కాదు, కమీషన్‌ని. బహుమతి రాకపోయినా ప్రతి చందాకి ఇంత అని ఇచ్చే పోటీలో దిగొచ్చు. ఐదు శాతం ఇచ్చినా పై లెక్కలో చందాకి 120 రూపాయలు. ఏమీ ఇవ్వని పోటీ అయితే మొదటి మూడు స్థానాల్లో ఉంటామన్న నమ్మకం ఉన్నవాళ్లకి తప్ప మిగతావాళ్లకి దండగ. వద్దనుకుంటే ఇక్కడే ఆగిపోవచ్చు, చిన్నతనమేమీ లేదు.

పన్ను సంగతి కూడా ఇప్పుడే చూసుకోవాలి. డ్రాలో గెలిచిన బహుమతి విలువ 10,000 దాటితే 30 శాతం టీడీఎస్, అంటే ఇచ్చేవాళ్లే ముందుగా కోసే పన్ను, ఉంటుంది. వస్తువు రూపంలో ఇస్తే ఆ పన్ను ముందు కట్టిన తర్వాతే వస్తువు చేతికిస్తారు. 90,000 స్కూటీకి 27,000 అన్నమాట. కొన్ని కంపెనీలు అది తామే భరిస్తాయి, కొన్ని మిమ్మల్నే కట్టమంటాయి. చందాల లెక్క మీద ఇచ్చే బహుమతిని కమీషన్‌గానో, వ్యాపార ప్రోత్సాహకంగానో చూపిస్తే రేటు వేరుగా ఉంటుంది. "దీన్ని దేని కింద చూపిస్తారు, పన్ను ఎవరు కడతారు?" అని రెండు ముక్కల్లో అడిగి, జవాబు రాయించుకోండి. పాన్ కార్డు మీ పేరు మీద లేకపోతే ఇప్పుడే తీసుకోండి, గెలిచాక కాదు.

3. కస్టమర్ కంటే ముందు ఏజెంటుని కలవండి

అందరూ వదిలేసే మెట్టు ఇదే. చందా మీరు కట్టిస్తారు గానీ, పొద్దున్నే పేపరు వేసేది ఏజెంటు కింద పనిచేసే కుర్రాడు. అతను వెళ్లని వీధిలో మీరు చందా కట్టించారంటే ఏడాది పొడుగునా తిట్లు తినేది మీరే.

తెల్లవారుజామున నాలుగున్నర, ఐదు మధ్య మీ పేటలో పేపర్లు పంచుకునే చోటికి ఒక్కసారి వెళ్లి చూడండి. వ్యాన్ దిగిన కట్టలు విప్పి, షాపు అరుగు మీద కూర్చుని మెయిన్ పేపర్లో జిల్లా పేజీలు, మధ్యలో బట్టల షాపు పాంప్లెట్లు దూర్చేస్తుంటారు. చేతులు ఆడుతూనే ఉంటాయి, మాటలూ నడుస్తూనే ఉంటాయి. ఏ అపార్ట్‌మెంట్లో లిఫ్టు పొద్దున్నే ఆపేస్తారో, ఏ ఇంట్లో కుక్క వదిలేసి ఉంటుందో, ఎవరు మూడు నెలలుగా బిల్లు ఇవ్వలేదో, ఏ ఇంట్లో పేపరు ఐదు నిమిషాలు ఆలస్యమైతే పెద్దాయన గేటు దగ్గరే నిలబడి ఉంటాడో వాళ్లకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఆ చివర చెప్పిన పెద్దాయనలాంటి వాళ్లే మీకు కావలసిన కస్టమర్లు.

ఏజెంటుతో మాట్లాడేటప్పుడు ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. తన పాత కాపీలు మీరు లాక్కుంటారని ఆయన భయం. "మీ దగ్గర ఇప్పుడు తీసుకునేవాళ్ల జోలికి రానండీ, కొత్తవాళ్లనే చూస్తాను. మీరు ఏ వీధుల వరకు వేస్తారో చెప్పండి చాలు" అంటే సగం బరువు దిగిపోతుంది. చందా కాపీ మీద ఆయనకి కమీషన్ ఎలా వస్తుందో కూడా అడగండి. తనకి ఏమీ మిగలని కాపీని ఎవరూ వాన పడుతుంటే తెచ్చి వేయరు. ఆయన వేసే వీధుల పేర్లు, ఫోన్ నంబరు నోటుబుక్కులో రాసుకుంటే ఆ పేజీ మీకు మిగతా పోటీదారుల దగ్గర లేని ఆస్తి.

4. ఎవరి దగ్గరికి వెళ్లాలి

చుట్టాలు, పక్కింటివాళ్లు, స్నేహితులు మొదటి వారం. వాళ్ల దగ్గరికి వెళ్లొద్దని అనను గానీ ఒక హద్దు పెట్టుకోండి. పేపరు చదవని వదినగారి చేత మొహమాటపెట్టి కట్టిస్తే ఆవిడ కడుతుంది. ఆ తర్వాత ఏడాదంతా, ప్రతి పెళ్లిలోనూ, "నీ పేపర్లు కట్టలు కట్టలు పేరుకుపోయాయమ్మా" అని వినాలి. పాత పేపర్ల వాడికి కిలోల లెక్కన వేస్తే ఎంతొచ్చిందో కూడా చెబుతుంది.

పేపరు అవసరమైనవాళ్లు వేరే ఉన్నారు. సెలూన్లు, టిఫిన్ సెంటర్లు, డాక్టర్ల వెయిటింగ్ హాళ్లు, టైలర్ షాపులు, బ్యూటీ పార్లర్లు, లాడ్జీల రిసెప్షన్లు. వీళ్లకి పేపరు ఖర్చు కాదు, కుర్చీలో కూర్చున్న మనిషికి కాలక్షేపం. గవర్నరుపేట, సూర్యారావుపేట వైపు డాక్టర్ల వీధుల్లో ఒక్కో భవనంలో నాలుగైదు క్లినిక్కులు ఉంటాయి. డాక్టరు గారి దాకా వెళ్లనక్కర్లేదు, కౌంటరు దగ్గర కూర్చునే అమ్మాయిని ఎవర్ని అడగాలో అడగండి. వన్ టౌన్‌లో, కాళేశ్వరరావు మార్కెట్ చుట్టుపక్కల హోల్‌సేల్ వ్యాపారులు ఒకప్పుడు ధరల కోసం పేపరు చూసేవాళ్లు, ఇప్పుడు అలవాటు కొద్దీ చూస్తున్నారు. ఆ అలవాటు గట్టిది. బేరం లేని వేళ చూసుకుని వెళ్తే నిలబడి ఉండగానే యూపీఐ కొట్టేస్తారు.

గ్రూప్స్‌కి, డీఎస్సీకి, బ్యాంకు పరీక్షలకి చదివే పిల్లలుండే హాస్టళ్లు మరో చోటు. ఒక్కొక్కరూ ఏడాది చందా కట్టరు, ఊరు మారిపోతారు. హాస్టల్ వార్డెన్‌ని పట్టుకుంటే హాలుకి ఒకటి వేయిస్తారు.

రిటైరైన ఉద్యోగుల ఇళ్లు సత్యనారాయణపురం, కృష్ణలంక, పటమట పాత వీధుల్లో ఎక్కువగా తగులుతాయి. అక్కడికి నెల మొదటి వారంలో, పెన్షన్ పడ్డాక వెళ్లండి. పోరంకి, కానూరు వైపు పెద్ద అపార్ట్‌మెంట్లలో వాచ్‌మన్ మిమ్మల్ని గేటు దాటనివ్వడు. అసోసియేషన్ సెక్రటరీని ముందు ఫోన్లో అడిగి, ఆదివారం పొద్దున ఒక గంట కింద బల్ల వేసుకుని కూర్చునేందుకు అనుమతి తీసుకోండి. ఇంటింటికీ ఎక్కి దిగే కంటే ఆ గంట మేలు.

సింగ్‌నగర్, పాయకాపురం వైపు ఒక మాట. 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో ఆ ఇళ్లు చాలావరకు మునిగాయి, సామాన్లన్నీ పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. ఏడాది చందా ఒకేసారి కట్టమని గట్టిగా అడిగే చోటు కాదది. నెలవారీగా అయితే ఏజెంటుకి పరిచయం చేసి వదిలేయండి. పాయింటు రాకపోయినా పర్లేదు.

వేళలు మీకు చెప్పనక్కర్లేదు. పది నుంచి పన్నెండు, సాయంత్రం ఐదు నుంచి ఏడు. మధ్యలో బెజవాడ ఎండలో తలుపు కొడితే తీసినావిడ ముఖం చూసే తెలుస్తుంది. మంగళవారం, శుక్రవారం మాత్రం డబ్బు అడగొద్దు. శుక్రవారం పూట, అందులోనూ దీపాలు పెట్టే వేళ, ఇంట్లోంచి డబ్బు బయటికి ఇవ్వని ఇళ్లు మన దగ్గర ఇప్పటికీ చాలా ఉన్నాయి. ఆ రోజు వెళ్లి అడిగితే "లేదు" అనే మాటే వస్తుంది, ఒకసారి లేదన్నాక రెండోసారి అడగడం కష్టం. శుక్రవారం మాట్లాడి, శనివారం డబ్బు తీసుకోండి.

శ్రావణమాసం పేరంటాలు, పారాయణ బృందాలు, డ్వాక్రా సంఘం మీటింగులు చూస్తే నోరూరుతుంది, ఒకే చోట ముప్పైమంది. వాయనం అందుకుంటూ రసీదు పుస్తకం తీయకండి. పిలిచిన ఇంటావిడకి అది చిన్నతనం. ఎవరింట్లో పేపరు చదువుతారో మాటల్లో తెలుసుకుని, మర్నాడు ఫోన్ చేయండి.

5. గుమ్మం దగ్గర

చేతిలో ఆ రోజు పేపరు ఉండాలి, మడత విప్పి, ఆ పేటకి సంబంధించిన వార్త ఉన్న పేజీ పైకి వచ్చేలా. బహుమతి గురించి మొదటే చెప్పకండి. "నాకు స్కూటీ వస్తుందండీ, కాస్త సాయం చేయండి" అన్నారంటే మీరు పేపరు అమ్మడం మానేసి సాయం అడుగుతున్నారు. అడిగితే మాత్రం దాచకుండా చెప్పండి.

ఇక్కడ తగిలే మాటలు నాలుగైదే. బెజవాడలో అన్నిటికంటే ముందు వచ్చేది ఇది:

"ఏ పేపరమ్మా? ఓ, అదా. అది ఫలానా పార్టీ వాళ్లది కదా, మాకొద్దు."

ఇక్కడ వాదనకి దిగినవాళ్లు ఎవరూ చందా తెచ్చుకోలేదు. "నిజమేనండీ, చాలామంది అదే అంటారు. మొదటి పేజీ మీకు నచ్చకపోవచ్చు. మన సిటీ పేజీ ఒక్కటి చూడండి, మీ వీధి కాలవ గురించి రాశారు" అని పేజీ చేతికివ్వండి. పేపరు చేతిలోకి తీసుకుంటే సగం పని అయినట్టే. తీసుకోకపోతే నమస్కారం పెట్టి పక్కింటికి వెళ్లండి. ఈ ఊళ్లో ఏ ఇంట్లో ఏ పేపరు పడుతుందో చూస్తే ఓటు ఎటో ఊహించేస్తారు. దాన్ని మీరు గుమ్మం దగ్గర మార్చలేరు.

రెండోది: "మేం ఫోన్లోనే చూసేస్తామమ్మా."

"మీరు చూస్తారండీ. మావయ్యగారు కూడా ఫోన్లోనేనా?"

కోడలు ఒక్క క్షణం ఆగుతుంది. లోపల్నుంచి పెద్దాయన "ఎవరమ్మా?" అంటాడు. "పేపరంట మావయ్యా" అంటుంది. ఇక మీరు మాట్లాడాల్సింది ఆయనతో. పదవినోదం ఉందా, పంచాంగం వేస్తారా, చావు కబుర్ల పేజీ ఉందా అని ఆయనే అడుగుతాడు. పిల్లలు పెద్దవాళ్ల పేరు మీద చందా కట్టడం ఇప్పుడు మామూలైంది. అమెరికాలో ఉన్న కొడుకు నాన్న కోసం ఆన్‌లైన్లో కట్టిన చందా కూడా చందాయే.

"ఆయన్ని అడగాలి" అంటే "సరేనండీ, మళ్లీ వస్తాను" అని వచ్చేయకండి. ఆయన ఇంట్లో ఎప్పుడుంటారో టైము అడిగి, ఆమె ఎదురుగానే నోటుబుక్కులో రాసుకోండి. రాసుకుంటే ఇద్దరికీ అది మాట ఇచ్చినట్టు ఉంటుంది.

అన్నిటికంటే న్యాయమైనది ఇది: "వారం రోజులు వేస్తారు, తర్వాత మానేస్తారు. డబ్బులు ముందే కట్టించుకుని ఎవరూ పలకరు." దీనికి తియ్యటి జవాబులు చెప్పకండి. ఏజెంటు నంబరు రాసివ్వండి, మీ నంబరు కూడా ఇవ్వండి. మూడో మెట్టు ఎందుకు ముఖ్యమో ఇక్కడ తెలుస్తుంది.

"ఇంకా తగ్గిస్తారా?" అని అడగని ఇల్లు ఉండదు. మీ జేబులోంచి తగ్గించకండి. ఒకరికి వంద తగ్గించారని తెలిస్తే ఆ వీధి మొత్తం అడుగుతుంది. ఇంకొకటి, అచ్చు పత్రికల మీద జీఎస్టీ లేదు. చందా మీద అదనంగా జీఎస్టీ వేయమని ఆఫీసు వాళ్లు చెబితే ఎందుకో అడగండి.

ఒంటరిగా ఇళ్లలోకి వెళ్లకండి. ఇద్దరు కలిసి తిరిగి చందాలు వంతులవారీగా రాసుకోవచ్చు. గుమ్మం బయట నిలబడే మాట్లాడండి, మంచినీళ్లకి కూడా లోపలికి వెళ్లక్కర్లేదు. ఎక్కడైనా తేడాగా అనిపిస్తే వెంటనే వచ్చేయండి, అవసరమైతే 112కి ఫోన్ చేయండి.

6. రసీదు, డబ్బు

రసీదు పుస్తకం తీసుకునేటప్పుడు మొదటి నంబరు నుంచి చివరి నంబరు దాకా అన్నీ ఉన్నాయో లేదో ఆఫీసులోనే తిరగేసి చూసుకోండి. మధ్యలో ఒక కాగితం లేకపోతే చివర్లో ఆ డబ్బు మిమ్మల్ని అడుగుతారు.

రసీదు మీద పేరు, ఫోన్, చందా కాలం, మొత్తం అందరూ రాస్తారు. అడ్రసు దగ్గరే తేడా వస్తుంది. బెజవాడ డోర్ నంబర్లు మూడు ముక్కలుగా ఉంటాయి, మధ్యలో అంకె ఒకటి తప్పితే పేపరు వేరే వీధిలో పడుతుంది. గేటు మీద ఉన్న నంబరు మీరే చూసి రాయండి, వాళ్లు చెబుతుంటే రాయకండి. పక్కన గుర్తు కూడా రాయాలి: "రామాలయం ఎదురు సందు, మూడో అంతస్తు, ఆకుపచ్చ గేటు". కుర్రాడికి పనికొచ్చేది అదే. కార్బన్ కింద కాగితం సరిగా పడిందో లేదో చూసుకుని, రసీదుని ఫోన్లో ఫొటో తీయండి.

యూపీఐ అయితే పత్రిక ఖాతాకే నేరుగా పంపించండి, మీ ఫోన్‌కి కాదు. నగదు తీసుకుంటే అదే రోజు కట్టేయండి. ఈ డబ్బు ఇంటి డబ్బుతో కలవకూడదు. గ్యాస్ బండ వచ్చింది, ఒక వెయ్యి ఇందులోంచి ఇచ్చి రేపు పెడదాం అనుకోవడం దగ్గరే చాలామంది లెక్కలు తప్పుతాయి. డబ్బు కట్టిన ప్రతిసారీ ఆఫీసులో సంతకం, తేదీ వేయించుకోండి. వారానికోసారి మీ పాయింట్లు ఎన్నో వాళ్ల చేత రాయించుకోండి. వాట్సాప్‌లో మెసేజ్ అయినా చాలు.

పేపరు మొదలవ్వాల్సిన రోజు తర్వాత రెండు రోజులకి ప్రతి ఇంటికీ ఒక ఫోన్. "పడుతోందాండీ?" అంతే. ఈ ఒక్క ఫోన్ వల్లే "మా చెల్లెలికి కూడా కావాలంట" అనే మాటలు వస్తాయి. రెండో నెలలో పుంజుకునేది ఇలా ఫోన్లు చేసినవాళ్లే.

7. చివరి వారం టెన్షన్

ముగింపు దగ్గరపడ్డాక ఆఫీసు నుంచి ఫోన్లు మొదలవుతాయి. "మేడమ్, మీరు రెండో ప్లేసులో ఉన్నారు, ఇంకో పన్నెండు చాలు." ఇదే మాట ఇంకో ఇద్దరికి కూడా చెప్పి ఉంటారని అనుకోండి. బోర్డు మీద పేర్లు, పాయింట్లు రాసి పెట్టకపోతే ఆ మాటకి విలువ లేదు.

ఈ వారంలో జరిగేది ఏమిటంటే, సొంత డబ్బుతో అత్తగారి పేరు మీద, పనమ్మాయి పేరు మీద, ఊళ్లో లేని తమ్ముడి పేరు మీద చందాలు కట్టడం. 2,400 చొప్పున పన్నెండంటే 28,800 రూపాయలు. అవతలావిడ కూడా అదే చేస్తోంది. పైగా తనిఖీలో ఫోన్ చేస్తే "మేమేం కట్టలేదండీ" అన్నారంటే అవి పోతాయి, కొన్ని చోట్ల మీ పేరే కొట్టేస్తారు. సొంత డబ్బు ఒక్క రూపాయి కూడా పెట్టనని పోటీ మొదట్లోనే ఇంట్లో అందరి ముందూ చెప్పేయండి, అప్పుడు చివర్లో చేతులు కట్టేసినట్టు ఉంటుంది.

చివరి వారానికి దాచుకోవలసింది వేరే ఉంది: "వచ్చే నెల జీతం పడ్డాక చూద్దాం" అన్నవాళ్ల పేర్లు. నోటుబుక్కులో టైములతో సహా రాసుకున్నారుగా, ఇప్పుడు వరసగా ఫోన్లు చేయండి. తొందరగా తెస్తే ఎక్కువ పాయింట్లనే నిబంధన ఉంటే మాత్రం ఏదీ దాచకండి, వచ్చింది వచ్చినట్టు కట్టేయండి.

8. ఫలితాలు, బహుమతి

ముగిసిన రోజే మీ మొత్తం రసీదుల లెక్క, కట్టిన డబ్బు లెక్క ఒక కాగితం మీద రాసి ఆఫీసులో ఇచ్చి, ఇంకో కాపీ మీద అందినట్టు సంతకం తీసుకోండి.

ఫలితాలు చెప్పకుండా నాన్చడం కొన్నిచోట్ల జరిగేదే. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బహుమతుల పథకం ముగిశాక తుది ఫలితాలు పాల్గొన్నవాళ్లకి తెలియజేయకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. పథకం గురించి ప్రకటన వేసిన పత్రికల్లోనే, తగిన వ్యవధిలో, కనబడేలా ఫలితాలు వేస్తే తెలియజేసినట్టు లెక్క. ఇక్కడ ప్రకటన వేసింది వాళ్ల సొంత పత్రికే, కాబట్టి చోటు లేదనే సాకు కుదరదు. ఒక ఉత్తరం రాయండి, స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. ఆ తర్వాత కూడా పలక్కపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. 

గెలిచారనుకోండి. కళాక్షేత్రంలోనో, ఏదో హోటల్ హాల్లోనో సభ పెట్టి, అట్టతో చేసిన పెద్ద తాళం చెవి చేతికిచ్చి ఫొటో తీస్తారు. అట్ట తాళం చెవితో బండి నడవదు. అసలు బండి ఏ షోరూమ్ నుంచి, ఏ తేదీన, ఏ మోడల్ అన్నది సభకి ముందే రాయించుకోండి. ప్రకటనలో చెప్పిన విలువ షోరూమ్ ధరా, రోడ్డు మీదకి వచ్చే ధరా అడగండి. రోడ్డు ట్యాక్సు, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్సు కలిపితే తేడా వేలల్లో ఉంటుంది. అది ఎవరు కడతారో నిబంధనల్లో లేకపోతే మీరే కట్టాల్సి వస్తుందనుకుని సిద్ధంగా ఉండండి. రిజిస్ట్రేషన్ మీ పేరు మీదే చేయించండి, ఇంట్లో ఎవరు నడిపినా సరే. వాషింగ్ మెషీన్ అయితే బిల్లు, వారంటీ కార్డు మీద కూడా మీ పేరు ఉండాలి. లేకపోతే రిపేరు వచ్చినప్పుడు కంపెనీవాడు పత్రిక ఆఫీసుకి వెళ్లమంటాడు, వాళ్లు సర్వీస్ సెంటరుకి వెళ్లమంటారు.

పన్ను కోశామని చెబితే టీడీఎస్ సర్టిఫికెట్ అడిగి తీసుకోండి. మీకు వేరే ఆదాయం పెద్దగా లేకపోయినా రిటర్ను వేయాలా వద్దా, కమీషన్ మీద కోసిన పన్ను వెనక్కి వస్తుందా అన్నది ఆడిటర్ని ఒకసారి అడగండి. డ్రాలో వచ్చిన బహుమతి మీద కోసింది మాత్రం, ఆదాయం తక్కువనే కారణంతో వెనక్కి రాదు.

నోటుబుక్కు పారేయకండి. అందులో ఇప్పుడు వందకు పైగా ఇళ్ల పేర్లు, వీధులు, ఏజెంట్లు, చందా ముగిసే తేదీలు ఉన్నాయి. పదకొండో నెలలో ఆ ఇళ్లన్నిటికీ రెన్యువల్ కావాలి. పత్రిక ఆఫీసుకి వెళ్లి "రెన్యువల్ చేయిస్తే చందాకి ఎంతిస్తారు?" అని అడగండి. ఈసారి పోటీ లేదు కాబట్టి బేరం మీరే ఆడొచ్చు.